పుడిసిట పట్టిన సముద్రం: ఫిలిప్ హెన్రీ గాస్ జీవితం

అగస్త్య మహర్షి సముద్రాన్ని పుడిసిట పట్టి త్రాగివేసినాడని భారతకథ. కడలి గర్భంలో దాగిన రాక్షసులను వెదకి పట్టడానికి దేవతలే ఆయనను ప్రార్థించినారు. నీరు ఇంకిపోయినది, దేవతల పని నెరవేరినది. తరువాత సముద్రాన్ని మరల నింపుమని వారు వేడుకొన్నప్పుడు, త్రాగిన నీరు అప్పటికే జీర్ణమైపోయినదని ఆ మహర్షి చెప్పవలసి వచ్చినది. పందొమ్మిదవ శతాబ్దంలో ఇంగ్లండు దేశీయుడొకడు కూడ సముద్రాన్ని పుడిసిట పట్టదలచినాడు. ఆయన త్రాగదలచలేదు, చూడదలచినాడు. అలల క్రింద దాగిన సృష్టిని ఇంటిలో, కిటికీ ప్రక్కన, గాజుతొట్టిలో నిలిపి అందరికీ చూపదలచినాడు.

ఆయన పేరు ఫిలిప్ హెన్రీ గాస్. అక్వేరియం అన్న మాటను నేడు మనం వాడుతున్న అర్థంలో స్థిరపరచినవాడు ఆయనే. లండన్ జంతుశాలలో 1853లో తెరచిన తొలి ప్రజా అక్వేరియానికి సముద్రజీవులను సమకూర్చినవారిలో ఆయన ముఖ్యుడు. ఉప్పునీటి తొట్టిని ఇంటిలో అమర్చుకొనే విధానాన్ని సామాన్య గృహస్థులకు నేర్పినవాడు కూడ ఆయనే. ఆ విద్య ఫలించినది. ఫలించిన తరువాత ఏమి జరిగినదో చూచి ఆయన ఎంతో బాధపడినాడు. ఆ ఫలమూ, ఆ బాధా రెండూ కలిసినదే ఆయన చరిత్ర.

బాల్యం, దేశాటనం

గాస్ 1810 ఏప్రిల్ 6వ తేదీన వూస్టర్ పట్టణంలో జన్మించినాడు. తండ్రి థామస్ గాస్ చిన్న పరిమాణంలో మూర్తిచిత్రాలు వ్రాసే చిత్రకారుడు. ఊరూర తిరిగి గృహస్థుల చిత్రాలు వ్రాసి బ్రదికేవాడు. కళ ఉన్నది గాని ధనం లేదు. కుమారునికి ఆస్తి ఈయలేకపోయినాడు. సన్నని కుంచె పట్టి, కనుపించినదానిని కనుపించినట్లు వ్రాసే నేర్పును మాత్రం ఇచ్చినాడు. ఆ నేర్పే తరువాతి కాలంలో గాస్ గ్రంథాలలోని రంగుల చిత్రాలకు ప్రాణమైనది.

కుటుంబం కొద్దికాలానికే దక్షిణ తీరంలోని పూల్ అనే రేవు పట్టణానికి చేరినది. అక్కడ మేనత్త బెల్ గారు ఆ బాలునికి తొలి గురువైనది. సీతాకోకచిలుకలు రూపం మార్చుకొనే తీరును ఆమె అతనికి చూపినది. సముద్రతీరపు రాళ్లనంటి పువ్వులవలె విచ్చుకొని ఉండే ఎనిమోనులు అనే జీవులను చూపి, వాటిని తాజా సముద్రజలం నింపిన పాత్రలో ఉంచితే సజీవంగా చూడవచ్చునని చెప్పినది. మేనత్త సరదాకు చెప్పిన ఆ మాట ఎన్నో ఏండ్లు ఆ బాలుని మనస్సులో విత్తనమువలె ఉండిపోయినది.

పేదరికంచేత చదువు ఎక్కువ సాగలేదు. పదిహేడవ ఏట, 1827లో, న్యూఫౌండ్‌లండ్ ద్వీపంలోని కార్బొనియర్ రేవులో ఒక వర్తక సంస్థలో గుమాస్తాగా చేరినాడు. చలి, మంచు, చేపల వ్యాపారపు లెక్కలు, ఇదే నిత్యకృత్యం. 1832లో సూక్ష్మదర్శినిని గురించిన పాత పుస్తకమొకటి అతని చేత పడినది. ఆనాటినుండి పురుగులను సేకరించి పరిశీలించడం వ్రతమైనది. ఆ సంవత్సరమే స్వదేశంలో సోదరి ప్రమాదకరంగా జబ్బుపడినదని వార్త వచ్చినది. ఆ ఆవేదనలో అతడు దైవం వైపు తిరిగినాడు. ఇట్లు ఒకే ఏట శాస్త్రమూ భక్తీ అతని జీవితంలో ప్రవేశించి, చివరివరకు విడువక నిలచినవి.

1835లో మిత్రులతో కలిసి కెనడాలో పొలం కొని సేద్యం ఆరంభించినాడు. పంట మీదకంటె పొలంలోని పురుగుల మీద ఆయన దృష్టి ఎక్కువగా ఉండెను. మూడేండ్ల శ్రమ నిష్ఫలమైనది. 1838లో అమెరికాలోని అలబామాకు పోయి కొన్ని నెలలు బడి నడిపినాడు. అక్కడి కీటకాలను అపురూపమైన రంగులలో చిత్రించినాడు. కాని నీగ్రో బానిసలను యజమానులు హింసించే తీరు చూచి మనసు విరిగి, 1839లో స్వదేశానికి మరలినాడు. అప్పటికి ఇరువది ఎనిమిదేండ్లు నిండినవి. చేతిలో డబ్బు లేదు, ఉద్యోగం లేదు. కెనడా ప్రకృతిని గురించి వ్రాసిన ఒక వ్రాతప్రతి మాత్రం ఉన్నది. ప్రచురణకర్త దానిని స్వీకరించి నూరు గినీలు ఇస్తానన్నప్పుడు గాస్ ఆ గదిలోనే కన్నీరు కార్చినాడని కుమారుడు తరువాత వ్రాసినాడు. 1840లో వెలువడిన ఆ పుస్తకంతో ఆయన రచయిత అయినాడు.

1844లో జమైకా ద్వీపానికి పోయి, పక్షులను, కీటకాలను సేకరించి, 1846లో తిరిగివచ్చినాడు. ఆ ద్వీపపు పక్షులను గురించి 1847లో ఆయన వ్రాసిన గ్రంథం పండితుల మన్నన పొందినది. 1848లో ఎమిలీ బోజ్ అనే విదుషిని వివాహమాడినాడు. ఆమె కవయిత్రి, భర్తవలెనే క్రైస్తవంలో నిష్ఠగల బ్రదరన్ సమాజానికి చెందినది. 1849 సెప్టెంబరు 21వ తేదీన వారికి ఎడ్మండ్ అనే కుమారుడు కలిగినాడు. ఆనాటి దినచర్యలో గాస్ కుమారుడు పుట్టిన సంగతినీ, జమైకానుండి ఆకుపచ్చని వానకోవెల ఒకటి చేరిన సంగతినీ ప్రక్కప్రక్కన వ్రాసుకొన్నాడు. రెండూ ఆయనకు దైవం పంపినవే.

తొట్టిలో సముద్రం

సముద్రజీవులను ఇంట బ్రదికించవలెనన్న ప్రయత్నం గాస్‌కు ముందే మొదలైనది. 1846లో అన్నా థిన్ అనే గృహిణి టార్కీ తీరాన దొరికిన చిన్న పగడపు జీవులను లండన్‌కు తెచ్చి జాడీలలో ఉంచినది. కడలినుండి నీరు తెప్పించడం కష్టమైనప్పుడు, ఉన్న నీటినే కిటికీ దగ్గర ఒక పాత్రనుండి మరొక పాత్రలోనికి మాటిమాటికి పోయించేది. దాసి చేతులు నొప్పి పుట్టునంతసేపు ఆ పని సాగేదట. నీరు గాలిలో పడి ప్రాణవాయువును గ్రహించి ఆ జీవులను బ్రదికించినది. తరువాత ఆమె సముద్రపు నాచును కూడ చేర్చినది. రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1850లో చేపలు, నీటిమొక్కలు, నత్తలు ఒకదానికొకటి తోడై నీటిని చెడకుండ కాపాడునని మంచినీటి తొట్టిలో నిరూపించినాడు. పిదప ఉప్పునీటితో కూడ ప్రయోగాలు చేసినాడు.

గాస్ ఆరోగ్యం 1852 ఆరంభంలో చెడినది. సూక్ష్మదర్శినిపై రాత్రింబగళ్లు చేసిన పనివలన తలనొప్పి, అజీర్తి, నీరసం పట్టుకొన్నవి. వైద్యుల సలహాపై భార్యనూ బిడ్డనూ తీసుకొని డెవన్ తీరానికి పోయినాడు. మొదట సెయింట్ మేరీచర్చ్‌లోను, తరువాత ఇల్ఫ్రకూమ్‌లోను ఉన్నాడు. సముద్రం పాటుమీద ఉన్నప్పుడు రాళ్ల మధ్య మిగిలిన చిన్న మడుగులలో వంగి చూచినాడు. ఎర్రని, పచ్చని, ఊదారంగు ఎనిమోనులు, పారదర్శకమైన రొయ్యలు, బంగారువన్నెతో మెరసే చిన్న పగడపు జీవి ఒకటి. ఆ పగడానికి పేరుపెట్టి 1853లో లోకానికి తెలిపినవాడు ఆయనే. మేనత్త నాటిన విత్తనం అప్పుడు మొలకెత్తినది. నాచు, జీవులు, నీరు సమతూకంగా ఉన్న పాత్రలో సముద్రం ఎంతకాలమైనా చెడకుండ నిలచునా అని ఆయన పరీక్షించినాడు. నిలిచినది.

1854లో వెలువడిన ఆయన గ్రంథం పేరే అక్వేరియం. ప్రాచీన లాటిన్ భాషలో ఆ మాటకు పశువులు నీరు త్రాగే తావు అని అర్థం. అంతకుముందు వాడుకలో ఉన్న పొడుగాటి పేర్లకు బదులు ఈ చిన్న పేరు చాలునని ఆయన వాదించినాడు. 1855లో సామాన్యులకు పనికివచ్చే చిన్న కరదీపిక కూడ వ్రాసినాడు. అందులో బోధించిన విధానం నేటికీ ఆలోచించదగినది.

తొట్టికి అడుగు పలకరాతితోను, ప్రక్కలు దళసరి గాజుతోను ఉండవలెను. అడుగున ఇసుక, గులకరాళ్లు, ఆలుచిప్పల ముక్కలు పరచి, వాటిమీద రాళ్లను చిన్న గుహలుగాను, వంతెనలుగాను పేర్చవలెను. వెలుతురును ఓర్వని ప్రాణులకు నీడ అవసరం. నాచును ఎన్నుకొనుటలో జాగ్రత్త కావలెను. గోధుమవన్నె నాచులు జిగురు విడిచి నీటిని చెరచును. ఆకుపచ్చనివీ, ఎర్రని సన్ననివీ మంచివి. సముద్రపు నాచుకు వేళ్లు లేవు. అది రాతిని కరచి పట్టుకొని ఉండును. కాబట్టి దానిని పీకి తెచ్చి ప్రయోజనం లేదు. సుత్తితో, ఉలితో అది పట్టుకొన్న రాతిముక్కతో సహా పెకలించి తేవలెను.

నాచు పెట్టిన వెంటనే ప్రాణులను వదలరాదు. కొన్నాళ్లు ఆగవలెను. సూర్యకాంతిలో నాచు బొగ్గుపులుసు గాలిని గ్రహించి ప్రాణవాయువును విడుచును. ఆకుల అంచులపై ముత్యాలవంటి బుడగలు కనుపించినప్పుడు నీరు ప్రాణులకు సిద్ధమైనదని తెలియును. తరువాత ఎనిమోనులను, రొయ్యలను, చిన్న చేపలను కొద్దికొద్దిగా చేర్చవలెను. గాజుపై పట్టే పసరును తినివేయడానికి కొన్ని నత్తలు ఉండవలెను. ఏ ప్రాణి చచ్చినా తక్షణం తీసివేయవలెను. ఒక్క శవం తొట్టినంతనూ చెరచును. ఎండ మితిమీరరాదు. నీరు ఆవిరియై తగ్గినప్పుడు మంచినీరు మాత్రమే పోయవలెను. ఏలననగా ఆవిరియై పోయినది నీరే, ఉప్పు తొట్టిలోనే ఉన్నది. ఆశపడి ఎక్కువ ప్రాణులను నింపినవాని తొట్టి నిలువదు. విధానమంతా ఈ ఒక్క మితంలోనే ఉన్నది.

తీరానికి దూరంగా ఉన్నవారి సంగతి ఏమి? పీపాలలో సముద్రజలాన్ని రైలుపై తెప్పించుకొనడం అందరికీ సాధ్యం కాదు. గాస్ 1854లో సముద్రజలాన్ని ఇంటనే తయారు చేసినాడు. ఇంగ్లీషు కాలువ నీటిని షూయిట్జర్ అనే రసాయనజ్ఞుడు విశ్లేషించి చూపిన లెక్కలను ఆధారంగా గ్రహించినాడు. నాలుగు క్వార్టులకు, అనగా సుమారు నాలుగున్నర లీటర్లకు, కొంచెం తక్కువగా మంచినీరు తీసుకొని, అందులో మూడున్నర ఔన్సుల మామూలు ఉప్పు, పావు ఔన్సు ఎప్సం లవణం, 200 గ్రెయిన్ల మెగ్నీషియం క్లోరైడు, 40 గ్రెయిన్ల పొటాషియం క్లోరైడు కలిపినాడు. సున్నాన్ని ప్రత్యేకంగా చేర్చలేదు. తొట్టి అడుగున ఉన్న చిప్పలు, పగడపు ముక్కలనుండి అది లభించునని ఆయన అభిప్రాయం. ఆ నీటిలో ముందు నాచు పెరిగినది, తరువాత ప్రాణులు బ్రదికినవి. కడలి ముఖం చూడని ఊరిలో కూడ కడలిని కలుపుకొనవచ్చునని తేలినది.

గాస్‌కు తెలియని సంగతి ఒకటి ఉన్నది. ప్రాణుల మలంలోని అమ్మోనియా విషాన్ని విరిచివేసేది రాళ్లను, ఇసుకను ఆశ్రయించి పెరిగే సూక్ష్మజీవులని తరువాతి శాస్త్రం కనుగొన్నది. ఆయన రాళ్లను అందంకోసం, నీడకోసం పేర్చినాడు. అవి మౌనంగా నీటిని శుభ్రపరచినవి. ఆయన పెంచినవి చలినీటి చిన్న పగడాలు. ఉష్ణదేశపు పగడపు దిబ్బలను కట్టే జీవులకు వెచ్చని నీరు, తీక్షణమైన వెలుతురు కావలెను. తమ దేహంలో నివసించే సూక్ష్మమైన శైవలాలు వండిపెట్టే ఆహారంపై అవి ఎక్కువగా ఆధారపడును. వాటిని తొట్టిలో నిలపడం ఇరువదవ శతాబ్దంవరకు ఎంతో కష్టమైన పనిగా ఉండినది. జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ జీవంతో నిండిన సముద్రశిలలను, సూర్యకాంతిని, గాలిబుడగలను మాత్రమే వాడి అట్టి తొట్టిని నడిపిన రీతిని 1961లో ప్రకటించినాడు. నేటి ఇండ్లలోని పెద్ద పగడపు తొట్లకు పంపులు, దీపాలు, పరీక్షా సాధనాలు చేరినవి. అయినను కలిపిన ఉప్పునీరు, జీవమున్న రాళ్లు, ఓపికతో ఆగడం, ప్రాణుల సంఖ్యలో మితం అన్నవి మారలేదు.

వియోగం, వివాదం

1856లో గాస్ రాయల్ సొసైటీ సభ్యుడైనాడు. ఆ సంవత్సరమే ఎమిలీకి రొమ్ముపుండు ఉన్నట్లు తెలిసినది. క్రొత్త లేపనంతో నయం చేయవచ్చునన్న ఆశతో నెలల తరబడి దారుణమైన బాధను ఆమె సహించినది. 1857 ఫిబ్రవరిలో కన్నుమూసినది. పోవుటకు ముందు ఏడేండ్ల కుమారుని దైవసేవకు అర్పించుమని భర్తను కోరినది. తండ్రి ఆ మాటను ఆజ్ఞగా గ్రహించినాడు. కుమారుడు దానిని బరువుగా మోసినాడు.

ఆ దుఃఖసంవత్సరంలోనే గాస్ తన జీవితంలో అన్నిటికంటె పెద్ద పొరపాటు చేసినాడు. భూమి పొరలు, శిలాజాలు లోకం అతిప్రాచీనమని చెప్పుచున్నవి. బైబిలును అక్షరాలా నమ్మిన గాస్‌కు అది సంకటం. 1857లో ప్రకటించిన ఒంఫాలొస్ అనే గ్రంథంలో ఆయన విచిత్రమైన సమాధానం చెప్పినాడు. ఆదిమానవునికి తల్లి లేకపోయినను బొడ్డు ఉండవలసినట్లే, దైవం లోకాన్ని సృజించినప్పుడే ప్రాచీనతా చిహ్నాలతో సహా సృజించినాడని ఆయన వాదం. ఇరుపక్షాలకూ రాజీ కుదిర్చినానని ఆయన భావించినాడు. శాస్త్రజ్ఞులు నవ్వినారు. భక్తులు దైవం శిలలలో అబద్ధం వ్రాయునా అని నొచ్చుకొన్నారు. ఆయన మిత్రుడు, రచయిత చార్లెస్ కింగ్‌స్లే సహితం ఒప్పుకొనలేకపోయినాడు. పుస్తకం అమ్ముడుపోలేదు. రెండేండ్లకు డార్విన్ గ్రంథం వెలువడి ఆ చర్చను వేరొక మార్గం పట్టించినది. తొట్టిలోని నీరు పక్వం కావడానికి కొన్నాళ్లు ఆగవలెనని లోకానికి నేర్పినవాడు, సృష్టికి మాత్రం కాలమే అక్కరలేదని వాదించినాడు.

ఆ ఏడే ఆయన లండన్‌ను వదలి, తల్లిలేని పిల్లవానితో డెవన్‌లోని సెయింట్ మేరీచర్చ్‌లో స్థిరపడినాడు. ఇంటిలో నవ్వు లేదు, కథల పుస్తకాలు లేవు. ప్రార్థనలు, మతబోధ ఉన్నవి. అయితే తీరానికి పోయినప్పుడు ఆ తండ్రి వేరొక మనిషి. నడుములోతు మడుగులలో దిగి, రాళ్లను తిరుగవేసి, దొరికినదానిని కుమారునికి చూపి ఆనందించేవాడు. బ్రిటిష్ ఎనిమోనులను, పగడాలను గురించి 1858 నుండి 1860 వరకు భాగాలుగా వెలువడిన మహాగ్రంథానికి సామగ్రి అక్కడ సమకూడినది. 1859లో బాలుడైన ఎడ్మండ్ ఎన్నడూ చూడని ఎనిమోను ఒకదానిని కనిపెట్టినాడు. తండ్రి పరీక్షించి అది శాస్త్రానికి క్రొత్తదని నిర్ధారించినాడు. ఆ తండ్రీకొడుకుల మధ్య మతం గోడ కట్టినది; రాళ్ల నడుమ మడుగు మాత్రం వారిని కలిపినది.

బోసిపోయిన మడుగులు

గాస్ పుస్తకాలు ఊహకు మించి ప్రచారం పొందినవి. గాజుపై సుంకం 1845లో రద్దైనందున గాజు చౌక అయినది. రైళ్లు తీరాన్ని నగరానికి దగ్గర చేసినవి. మధ్యతరగతి గృహాలలో ఉప్పునీటి తొట్టి గౌరవచిహ్నమైనది. లండన్‌లో సముద్రజీవులను అమ్మే అంగడి వెలసినది. స్త్రీలు, పురుషులు, పిల్లలు బుట్టలు, జాడీలు, సుత్తులు, ఉలులు పట్టుకొని తీరంమీద పడినారు. ఆ సుత్తినీ ఉలినీ వారి చేతికి ఇచ్చినది గాస్ పుస్తకమే. నాచును రాతితో సహా పెకలించమని ఆయన చెప్పినాడు. ఆయన ఒక్కడు ఒక రాతిముక్కను పెకలించినప్పుడు తీరానికి లోటు లేదు. వేలమంది పెకలించినప్పుడు తీరమే లేకుండ పోయినది.

అట్లు పోయిన ప్రాణులలో అధికభాగం తొట్లలో బ్రదుకలేదు. గురువు చెప్పిన విధానాన్ని అందరూ చదివినారు. మితాన్ని పాటించినవారు కొద్దిమంది. తొట్టి నిండ ఎనిమోనులను క్రుక్కి, నాలుగునాళ్లకు నీరు కంపు కొట్టగా పారబోసి, మరల తీరానికి పోయినారు. 1860వ దశకం ముగియునప్పటికి వేడుక చల్లారినది. ఇండ్లలోని తొట్లు ఎండిపోయినవి. కాని యుగయుగాలుగా ఎవరి చేయీ తగలక పూలతోటలవలె ఉండిన మడుగులు అప్పటికే బోసిపోయినవి.

ఈ సంగతిని ఎడ్మండ్ తన గ్రంథంలో ఎంతో వేదనతో వర్ణించినాడు. తాను బాల్యంలో చూచిన ఆ తీరశోభను ఇక ఎవరూ చూడబోరని వ్రాసినాడు. తన తండ్రి జీవకారుణ్యం గలవాడనీ, ఇట్టి వినాశాన్ని ఎన్నడూ ఊహించలేదనీ, తన రచనలే దానికి మూలమయినవని గ్రహించి ఎంతో దుఃఖించినాడనీ తెలిపినాడు. దైవసృష్టిని చూచి దైవాన్ని స్తుతించుదురని ఆయన తలచినాడు. చూచినవారు ముందుగా చేయి చాచినారు. ఒంఫాలొస్ పుస్తకానికి లోకం నవ్వినప్పుడు ఆయన తన తప్పు ఒప్పుకొనలేదు. మడుగుల విషయంలో ఆయనకు వాదమే లేకపోయినది. బోసిపోయిన రాయి ఎదుట ఏ వాదం నిలుచును?

అవసాన దశ

1860లో గాస్ ఎలిజా బ్రైట్వెన్ అనే సాధ్విని పునర్వివాహం చేసికొన్నాడు. ఆమె ఆ ఇంట వెలుగును కొంత నింపినది. ఆయన తీరాన్ని గురించి 1865లో మరొక గ్రంథం వెలువరించినాడు. క్రమంగా ఆయన మనస్సు ఆర్కిడ్ పూలవైపు, సీతాకోకచిలుకలవైపు, నీటిబొట్టులో తిరిగే రోటిఫర్లు అనే సూక్ష్మప్రాణులవైపు మళ్లినది. ఆ ప్రాణులను గురించి హడ్సన్ అనే శాస్త్రజ్ఞునితో కలిసి సిద్ధంచేసిన బృహద్గ్రంథం 1886లో పూర్తియైనది. వృద్ధాప్యంలో నక్షత్రాలు చూచే సరదా కలిగినది. చలిరాత్రి కిటికీ తెరచి దూరదర్శిని ముందు కూర్చున్నందున జలుబు సోకి, ఆరోగ్యం క్షీణించినది. 1888 ఆగస్టు 23వ తేదీన సెయింట్ మేరీచర్చ్‌లో కన్నుమూసినాడు.

తల్లి కోరినట్లు ఎడ్మండ్ మతబోధకుడు కాలేదు, సాహిత్య విమర్శకుడైనాడు. తండ్రి జీవితచరిత్రను 1890లో వ్రాసినాడు. తమ ఇరువురి మధ్య జరిగిన అంతస్సంఘర్షణను 1907లో, మొదట తన పేరు లేకుండ, మరొక గ్రంథంగా ప్రకటించినాడు. ఆంగ్ల సాహిత్యంలో అది శాశ్వతస్థానం పొందినది. తెలుగువారికి ఈ కుటుంబంతో చిన్న సంబంధం ఒకటి ఉన్నది. హైదరాబాదులో పుట్టి, 1895లో విద్యకై ఇంగ్లండుకు పోయిన సరోజినీ చట్టోపాధ్యాయ తన పద్యాలను ఎడ్మండ్ గాస్‌కు చూపినది. ఆంగ్లకవుల అనుకరణను విడిచి, తన దేశపు కొండలను, పూలను, జనులను పాడుమని ఆయన ఆమెకు ఉపదేశించినాడు. 1905లో వెలువడిన తన తొలి ప్రసిద్ధ కవితాసంపుటిని సరోజినీ నాయుడు ఆయనకే అంకితం చేసినది. ఉన్నదానిని ఉన్నచోట, కన్ను విప్పి చూడమన్న ఆ పాఠాన్ని ఎడ్మండ్ నేర్చినది డెవన్ మడుగుల ఒడ్డున, తండ్రి ప్రక్కన వంగి నిలచినప్పుడే కాబోలు.

గాస్ చూపిన మార్గం ఆగలేదు. ప్రపంచమంతటా నేడు ఇండ్లలో, పరిశోధనాలయాలలో సముద్రం తొట్లలో నిలుచుచున్నది. పగడపు కొమ్మను చిన్న ముక్కలుగా విరిచి, ఒక్కొక్క ముక్కనుండి క్రొత్త పగడాన్ని తొట్టిలోనే పెంచే విద్య వ్యాపించినది. ఒకరి తొట్టిలో పెరిగిన పగడం మరొకరి తొట్టికి చేరుచున్నది; సముద్రంలో దెబ్బతిన్న దిబ్బలపై నర్సరీలలో పెంచిన పగడాలను నాటే ప్రయత్నాలు సాగుచున్నవి. అయినను నేటికీ సముద్రపు దిబ్బలనుండి పట్టి తెచ్చే చేపలకు, పెకలించే పగడాలకు కొదువలేదు. తొట్టి పెట్టదలచినవాడు మొదట అడుగవలసిన ప్రశ్న, ఇది ఎక్కడినుండి వచ్చినదన్నదే. గాస్ ఆ ప్రశ్నను ఆలస్యంగా అడిగినాడు. అడిగిన తరువాత దాని బాధను దాచుకొనలేదు.

అగస్త్యుడు త్రాగిన సముద్రం తరువాత భగీరథుడు తెచ్చిన గంగతో నిండినదని కథ. దానికి తరాల తపస్సు పట్టినది.